గీతల్లో లేని పట్టిక

గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించిన జాబితాను ఫోనుతో ఫొటో తీసి వెబ్‌సైటులో పెడితే, చూసేవారికి అది పట్టికగానే కనిపిస్తుంది. గీతలు ఉంటాయి, గడులు ఉంటాయి, పేర్లూ అంకెలూ వాటి వాటి చోట్ల ఉంటాయి. అదే పేజీలో ఒక పేరు టైపు చేసి వెతికితే మాత్రం ఆ పేరు దొరకదు, అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చమంటే పేర్చడానికి వీలుపడదు, ఒక కాలమ్ మొత్తం కూడమంటే కూడడానికి అక్కడ అంకె అనేదే ఉండదు. కంటికి పట్టిక అయినది కంప్యూటరుకు ఎందుకు కాలేదన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, కోడింగ్ ఏమాత్రం రానివారు సైతం వెబ్‌సైటులో పట్టికను ఎలా పెట్టగలుగుతున్నారో, పెట్టిన పట్టికల్లో చాలా భాగం ఎందుకు అక్కరకు రాకుండా పోతున్నాయో కూడా అర్థమవుతుంది.

ప్రకాశం ప్రాంతపు పడమటి కొసన, నల్లమల అంచున ఉన్న రాచర్ల లాంటి మండలంలో ఈ ప్రశ్న అవసరం ఊరికే పుట్టింది కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, ఎవరూ అడగకముందే కార్యాలయాలు తమ వివరాలను తామే బయట పెట్టాలని చెబుతోంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలలో పథకాల జాబితాలు సామాజిక తనిఖీ కోసం గోడకెక్కుతున్నాయి. రైతు సంఘాలకు ధరల పట్టికలు కావాలి, పాఠశాలలకు ఫలితాల పట్టికలు కావాలి, నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి వెళ్ళేవారికి బస్సుల వేళల పట్టిక కావాలి. ఈ జాబితాలు తయారుచేసేవారిలో ప్రోగ్రామర్లు లేరు, ఉండవలసిన పని కూడా లేదు. అయితే కోడింగ్ అక్కర లేదన్న మాటను శ్రద్ధ అక్కర లేదన్న మాటగా తీసుకున్న చోటల్లా పట్టిక చెడింది.

ఫోనులో చదివి వినిపించిన జాబితా

గిద్దలూరులో ఉన్న ఒక గుమాస్తా తన ముందున్న జాబితాను ఒంగోలులో ఉన్న మరొక గుమాస్తాకు ఫోనులో చెప్పి రాయించవలసి వచ్చిందనుకుంటే, అతడు గీతలను పంపలేడు. కాబట్టి మాటలతోనే గీతల పని చేయిస్తాడు. "ఇక పట్టిక మొదలు" అంటాడు. "మొదటి వరుస, ఇవి శీర్షికలు" అని ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తేదీ అని ఒక్కొక్కటే చెబుతాడు. "ఈ వరుస అయింది, తర్వాతి వరుస రాసుకో" అంటాడు. ప్రతి గడికీ ముందు ఒక మాట, వెనక ఒక మాట చేర్చుతూ చివరికి "పట్టిక అయిపోయింది" అని ముగిస్తాడు. అవతలి మనిషి ఆ మాటలను కాగితం మీద రాయడు, వాటిని ఆజ్ఞలుగా తీసుకొని గీతలు తానే గీసుకుంటాడు. గడి ఎంత వెడల్పు ఉండాలో, గీత నల్లదా ఎర్రదా అన్నది అతడి చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి అతడే నిర్ణయించుకుంటాడు.

వెబ్ పేజీలో పట్టిక ప్రయాణించేది సరిగ్గా ఈ విధంగానే. వెబ్ పేజీలను రాసే భాషకు హెచ్‌టీఎంఎల్ అని పేరు. అందులో విషయానికి ముందూ వెనకా ఉంచే ఆజ్ఞలను ట్యాగులు అంటారు. 'టేబుల్' అనే ట్యాగు పట్టిక మొదలనీ ముగింపనీ చెబుతుంది, 'టీఆర్' ఒక వరుసను, 'టీహెచ్' శీర్షిక గడిని, 'టీడీ' మామూలు గడిని చూపుతాయి. పట్టిక పెట్టడానికి కావలసిన మూల పదజాలం ఈ నాలుగు ట్యాగులే. ఫోనులోని లేదా కంప్యూటరులోని బ్రౌజరు ఒంగోలు గుమాస్తా పని చేస్తుంది, అంటే వచ్చిన ఆజ్ఞలను విని, తన తెర వెడల్పుకు తగినట్టు గడులను ఆ క్షణంలో గీస్తుంది. అందుచేత పట్టిక అనేది గీతల్లో లేదు. ఏ విలువ ఏ వరుసకు చెందుతుంది, ఏ శీర్షిక కిందికి వస్తుంది అన్న సంబంధంలో ఉంది. ఫొటోలో గీతలు ఉన్నాయి గానీ ఆ సంబంధం లేదు, ఉన్నదల్లా లక్షల కొద్దీ రంగు చుక్కలు మాత్రమే. ఫొటోలోని అక్షరాలను పోల్చి చదివే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చిన మాట నిజమే అయినా, అవి చేసేది ఊహ. చెరిగిన 3ను 8గా చదివితే అడ్డుకునేవారు ఉండరు.

మార్కాపురం పలకల మీద అంకెలు దిద్దిన తరాలకు దీన్ని మరొక రకంగా చెప్పవచ్చు. గళ్ళు చెక్కిన పలక మీద గీత శాశ్వతం, అంకె తాత్కాలికం. తడిగుడ్డతో తుడిస్తే గళ్ళు మిగిలి అంకెలు పోతాయి. వెబ్ పట్టికలో ఇది తలకిందులై, అంకె నిలిచి ఉంటుంది, గళ్ళను మాత్రం ప్రతి తెరా కొత్తగా గీసుకుంటుంది.

మొదట్లో వెబ్‌కు ఈ సదుపాయం లేదు. పట్టికల ట్యాగులు 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరుతో జనంలోకి వచ్చి, 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 3.2తో ప్రమాణంగా స్థిరపడ్డాయి. కంప్యూటరులో లెక్కల గడులకు అంతకన్నా పాత చరిత్ర ఉంది. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు 1979లో విసికాల్క్ పేరిట తెచ్చిన ప్రోగ్రాముతో స్ప్రెడ్‌షీటు అనే మాట సామాన్య గుమాస్తాల దాకా వచ్చింది. నేటి ఎక్సెల్, గూగుల్ షీట్స్ దాని వారసులే.

ట్యాగులను ఎవరు రాస్తారు

కోడింగ్ రాకుండా పట్టిక పెట్టడం అంటే ట్యాగులు లేకుండా పెట్టడం కాదు, వాటిని రాసే పని ఒక పరికరానికి అప్పగించడం. దస్తావేజు భాష రాని రైతు తన మాటల్లో విషయం చెబితే లేఖరి దానిని దస్తావేజుగా మార్చినట్టే, మనిషి గడుల్లో టైపు చేస్తే ఎడిటరు దానిని ట్యాగులుగా మారుస్తుంది. విషయం తప్పయితే లేఖరి దానిని చక్కని భాషలో తప్పుగానే రాస్తాడన్నది కూడా ఈ పోలికలో భాగమే.

తెలుగులో ఈ పని విస్తారంగా జరిగిన చోటు తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో రాచర్ల మండలానికీ, అందులోని గ్రామాలకూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోని వేలాది గ్రామాలకూ వ్యాసాలు ఉన్నాయి. 2011 జనగణన ఇచ్చిన జనాభా, భూ వినియోగం, నీటిపారుదల వివరాలను స్వచ్ఛంద సంపాదకులు వాటిలోకి ఎక్కించారు. తొలినాళ్ళలో అక్కడ పట్టిక వేయాలంటే మీసాల బ్రాకెట్లూ నిలువు గీతలూ కలిపిన ప్రత్యేక సంకేత భాషను నేర్చుకోవలసి వచ్చేది. ఒక్క నిలువు గీత తప్పితే పట్టిక అంతా కుప్పకూలేది. 2013 నుంచి వికీపీడియాల్లో విస్తరించిన విజువల్ ఎడిటర్ ఆ భారాన్ని తగ్గించింది. ఇప్పుడు సంపాదకుడు 'పట్టిక' అన్న ఎంపికను నొక్కి, కనిపించే గడుల్లో నేరుగా రాయవచ్చు, లేదా స్ప్రెడ్‌షీటులోని గడులను నకలు తీసి అతికించవచ్చు; సంకేతాలన్నీ తెర వెనక అవే పుడతాయి. ఊరి వివరాలు తెలిసిన మనిషికీ ఆ వివరాలు చేరవలసిన పేజీకీ మధ్య ఉన్న గోడ ఈ మార్పుతో చాలా వరకు కూలిపోయింది. తెలుగు సమాచారానికి గత రెండు దశాబ్దాలలో జరిగిన మేళ్ళలో దీనిని గట్టిగానే లెక్కపెట్టాలి.

సొంత వెబ్‌సైటు ఉన్నవారికి మార్గాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది నకలు మార్గం: వర్డ్‌ప్రెస్ లాంటి సైట్ల తయారీ వ్యవస్థలో పట్టిక కోసం ఉన్న బ్లాకును తెచ్చి పెట్టుకొని గడులు నింపడం, లేదా టేబుల్‌ప్రెస్ లాంటి చేర్పు పరికరానికి స్ప్రెడ్‌షీటు ఫైలును అందించడం. ఇలాంటి చేర్పులు పట్టిక పైన ఒక వెతుకుడు గడిని, శీర్షికల పక్కన పేర్పు బాణాలను కూడా తామే అమర్చిపెడతాయి. రెండవది కిటికీ మార్గం: గూగుల్ షీట్స్‌లో ఉన్న పట్టికను 'పబ్లిష్ టు వెబ్' అనే ఆదేశంతో బయటపెట్టి, అది ఇచ్చే చిన్న కోడు ముక్కను అలాగే తెచ్చి పేజీలో అతికించడం. నకలు మార్గంలో పట్టిక జిరాక్సు కాపీ వంటిది, అసలు మారినా నకలు మారదు. కిటికీ మార్గంలో పేజీలో ఉన్నది పట్టిక కాదు, మరొక చోట ఉన్న షీటులోకి తెరిచిన కిటికీ. షీటులో దిద్దిన అంకె కొద్ది నిమిషాల్లో పేజీలో కూడా మారుతుంది. రోజూ మారే మిర్చి ధరలకు కిటికీ నప్పుతుంది. ఒకసారి తేల్చి ప్రకటించిన ఫలితాలకు నకలే మేలు, ఎందుకంటే షీటు మీద చేయి పడిన ప్రతిసారీ ప్రకటించిన అంకె మారే ప్రమాదం కిటికీలో ఎప్పుడూ ఉంటుంది.

> రాచర్ల అనే ఆరు సంఖ్యలు
>
> కంప్యూటరు అక్షరాలను దాచుకోదు, వాటికి కేటాయించిన సంఖ్యలను దాచుకుంటుంది. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ సంఖ్యలు ఇచ్చే ఉమ్మడి ఒప్పందమే యూనికోడ్. అందులో 'క'కు 3093. 'రాచర్ల' అన్న మాట కంటికి మూడక్షరాలే అయినా, యంత్రానికి అది ర, దీర్ఘపు గుర్తు, చ, ర, పొల్లు, ల అనే ఆరు సంఖ్యలు. వెబ్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్లు పడతాయి గనుక ఊరి పేరు పద్దెనిమిది బైట్లవుతుంది. ఫైలును దాచినప్పుడు ఒక పద్ధతి, తెరిచినప్పుడు మరొక పద్ధతి వాడితే ఆ పద్దెనిమిది బైట్లూ యూరపు అక్షరాల కలగాపులగంగా తెర మీదికి వస్తాయి. ఇది ఫైలు పాడవడం కాదు, తప్పు తాళంచెవితో తెరవడం; తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే తెలుగు తిరిగి వస్తుంది.
>
> అను ఫాంట్లతో టైపు చేసిన పాత జాబితాల కథ వేరు. అచ్చు కూటాల్లో ఏళ్ళ తరబడి వాడిన ఆ పద్ధతిలో లోపల ఉన్నవి ఆంగ్లాక్షరాల సంఖ్యలు, వాటి మీద తొడిగినవి తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని తెర మీద తొడుగు ఊడిపోతుంది. అలాంటి జాబితాను మార్పిడి సాఫ్ట్‌వేరుతో యూనికోడ్‌లోకి మార్చి, ముఖ్యంగా ఒత్తులను ఒకసారి కంటితో సరిచూసుకున్న తర్వాతే పట్టికలో పెట్టాలి.

ఎవరూ తప్పు చేయకుండానే జరిగే తప్పు

స్ప్రెడ్‌షీటు నుంచి వెబ్‌సైటుకు పట్టిక ప్రయాణించే దారిలో అతి సామాన్యమైన వాహనం సీఎస్‌వీ అనే ఫైలు. అందులో ట్యాగులు ఉండవు. ఒక వరుసకు ఒక పంక్తి, గడికీ గడికీ మధ్య ఒక కామా, అంతే. ఫోను పోలికలో చెప్పాలంటే, ప్రతి గడికీ ముందూ వెనకా మాటలు చేర్చకుండా మధ్యలో కాస్త ఆగి మాత్రమే చెప్పడం లాంటిది. ఈ సాదాతనం వల్లనే అది అన్ని పరికరాలకూ అర్థమవుతుంది, ఈ సాదాతనం వల్లనే మోసపోతుంది కూడా. లక్షా ఇరవై వేలను తెలుగువారు 1,20,000 అని రెండు కామాలతో రాస్తారు; ఆ అంకె చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే సీఎస్‌వీ చదివే పరికరానికి అది ఒక గడి కాదు, 1 అనీ 20 అనీ 000 అనీ మూడు గడులు. ఆ వరుసలో దాని తర్వాతి గడులన్నీ రెండేసి స్థానాలు కుడికి జరిగి, తేదీ ఉండవలసిన చోట ఊరి పేరు కూర్చుంటుంది. స్ప్రెడ్‌షీటు తానే ఫైలును తయారుచేసినప్పుడు కొటేషన్లను సాధారణంగా మరవదు. చేతితో టైపు చేసిన ఫైళ్ళలోనే ఈ తప్పు దొర్లుతుంది. అంకెల గడిలో కామాలు లేకుండా 120000 అని ఉంచి, కామాలు చూపే పనిని పరికరానికి వదిలితే ఈ చిక్కు పుట్టనే పుట్టదు.

దీనికన్నా లోతైనది సర్వే నంబర్ల చిక్కు. సాగు వివరాలు రాసే గ్రామ లెక్క అయిన అడంగల్‌ను చూసిన ప్రతి రైతుకూ తెలిసినట్టు భూమి పంచుకున్న కొద్దీ సర్వే నంబరు చీలి 12-1, 12-2, 12-3 అవుతుంది. 12-3 అని గడిలో కొట్టగానే స్ప్రెడ్‌షీటు దానిని మార్చి నెల 12వ తేదీగా అర్థం చేసుకుంటుంది. అమెరికా పద్ధతిలో అమర్చిన యంత్రమైతే డిసెంబరు 3 అనుకుంటుంది. తెర మీద కనిపించే మార్పు అసలు మార్పులో సగమే. స్ప్రెడ్‌షీటు తేదీని 1900 సంవత్సరారంభం నుంచి గడిచిన రోజుల లెక్కగా దాచుకుంటుంది గనుక, 2025లో 12-3 అని కొడితే లోపల నిలిచేది 45728 అనే సంఖ్య. ఆ తర్వాత గడిని అక్షరాల గడిగా మార్చినా 12-3 తిరిగి రాదు, 45728 వస్తుంది. పైగా అన్ని నంబర్లూ ఇలా మారవు, తేదీగా పొసగినవే మారతాయి. వంద వరుసల్లో ఏ ఏడెనిమిదో మారి మిగిలినవి చక్కగా ఉండడం వల్ల, పైపైన చూసినవారికి పట్టిక అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. భూమి కాగితంలో ఒక్క అంకె తేడా ఎన్ని తిరుగుళ్ళకు దారితీస్తుందో తెలిసిన ప్రాంతంలో దీనిని చిన్న విషయమనడానికి వీల్లేదు.

ఈ చిక్కు పెద్ద పెద్ద ప్రయోగశాలలను కూడా వదలలేదు. మనిషి జన్యువుల్లో కొన్నింటికి మార్చ్1, సెప్ట్2 అని పొట్టి పేర్లు ఉండేవి. వాటిని ఎక్సెల్ మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలుగా మార్చివేసేది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులు ఉన్నాయని 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన చూపింది. చివరికి 2020లో జన్యువుల నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది. సర్వే నంబర్లను మార్చే అవకాశం రైతుకు లేదు గనుక మందు ముందే వేయాలి: అంకెలు టైపు చేయకముందే ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకొని అది 'టెక్స్ట్', అంటే అక్షరాల కాలమ్ అని ప్రకటించాలి. లెక్కకట్టడానికి కాక గుర్తుపట్టడానికి వాడే ప్రతి సంఖ్యకూ, అది ఫోను నంబరైనా ఖాతా నంబరైనా, ఇదే వర్తిస్తుంది.

ఒక వరుస దేనికి ప్రతినిధి

పడమటి ప్రకాశంలో ఫ్లోరైడు నీటి బాధ తరాలది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండవచ్చనీ, వేరే నీటి ఆధారం లేని చోట 1.5 దాకా అనుమతించవచ్చనీ భారత ప్రమాణం చెబుతోంది. అది మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపట్టి, ఎముకలు బిరుసెక్కుతాయి. ఒక మండలంలోని బోర్ల పరీక్షా ఫలితాలను ఊరివాళ్ళు చూసుకునేలా వెబ్‌లో పెట్టాలనుకుంటే, పరికరం ఎంపిక కన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పట్టికలో ఒక వరుస దేనికి ప్రతినిధి? ఊరికా, బోరుకా, పరీక్షకా?

ఊరికి ఒక వరుస అనుకుంటే ఆకవీడులో నాలుగు బోర్లు ఉన్నప్పుడు నాలుగు విలువలను ఒకే గడిలో ఇరికించాల్సి వస్తుంది. బోరుకు ఒక వరుస అనుకుంటే వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్షించిన ఫలితాలకు కొత్త కాలమ్‌లు పుట్టుకొస్తూ, ఏడాది తిరిగేసరికి పట్టిక పక్కకు పెరిగి ఫోను తెరను దాటిపోతుంది. పరీక్షకు ఒక వరుస అనుకుంటే ఊరు, బోరు ఉన్న చోటు, తేదీ, ఫ్లోరైడు అనే నాలుగు కాలమ్‌లు ఎప్పటికీ నాలుగుగానే ఉండి, పట్టిక కిందికి మాత్రమే పెరుగుతుంది. ఫోనులో కిందికి జరుపుకుంటూ చదవడం ఎవరికీ కష్టం కాదు. నిర్ణయం చిన్నదిగా కనిపించినా, తర్వాత చేయగలిగే వెతుకులాట, పేర్పు, పోలిక అన్నీ దాని మీదే నిలబడతాయి.

ఆ తర్వాతి జాగ్రత్తలన్నీ ఈ ఒక్క నిర్ణయం నుంచే పుడతాయి. కాగితం మీద రాసేటప్పుడు ఊరి పేరును మొదటి వరుసలో రాసి, కింది వరుసల్లో 'డిటో' అనో రెండు చుక్కలు పెట్టో సరిపెట్టడం ఆఫీసుల అలవాటు; కంప్యూటరులో మూడు గడులను కలిపి ఒకే పెద్ద గడి చేయడం దాని కొత్త రూపం. కాగితం కదలదు గనుక అక్కడ డిటోకు అర్థం నిలుస్తుంది. తెర మీద చదువరి ఫ్లోరైడు కాలమ్ మీద నొక్కి పెద్ద విలువలను పైకి తెచ్చిన మరుక్షణం వరుసలన్నీ చెదిరి, ఆకవీడు కింది డిటో వెళ్ళి అనుమలవీడు కింద నిలబడుతుంది. ఒక ఊరి చెడ్డ నీరు మరొక ఊరి ఖాతాలో పడుతుంది. అందువల్ల ప్రతి వరుసా పక్క వరుసల సాయం లేకుండా తనంతట తాను అర్థమయ్యేలా ఉండాలి, ఊరి పేరు వందసార్లు రాయవలసి వచ్చినా సరే రాయాలి.

'1.8 మి.గ్రా.' అని గడిలో రాస్తే మనిషికి అది కొలత, యంత్రానికి అది ఒక మాట, మాటను 1.5తో పోల్చడం దానికి చేతకాదు. కొలమానం శీర్షికలో ఉండి, గడిలో 1.8 మాత్రమే ఉండాలి. పరీక్ష చేయని బోరుకు 0 వేయడం అన్నింటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే సున్నా అంటే ఫ్లోరైడు లేదని చెప్పడం, ఖాళీ గడి అంటే ఇంకా తెలియదని చెప్పడం. ఈ రెండింటి మధ్య తేడా ఒక కుటుంబం ఏ బోరు నీళ్ళు తాగాలో నిర్ణయించగలదు. కంభం అనీ కంబం అనీ, రాచర్ల అనీ రాచెర్ల అనీ రెండు రకాలుగా రాస్తే మనిషి సర్దుకుపోతాడు గానీ యంత్రం రెండు వేర్వేరు ఊళ్ళను సృష్టిస్తుంది. కాబట్టి ఒక రూపాన్ని ఎంచుకొని, చివరిదాకా దానికే కట్టుబడాలి.

పేరిస్తే పోయే వరుస

శీర్షిక మీద నొక్కగానే పట్టికను పేర్చే సదుపాయం చూడడానికి ముచ్చటగా ఉంటుంది, అయితే ప్రతి పట్టికకూ అది మేలు చేయదు. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో ఈ ప్రాంతపు స్టేషన్లు మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, జగ్గంభొట్ల కృష్ణాపురం, సోమిదేవిపల్లి, గిద్దలూరు, దిగువమెట్ట అన్న క్రమంలో వస్తాయి. ఈ క్రమమే ఆ పట్టికలోని అసలు సమాచారం. ఏ స్టేషను తర్వాత ఏది వస్తుందో తెలియడానికే ప్రయాణికుడు దానిని తెరుస్తాడు. అక్షర క్రమంలో పేరిస్తే కంభం పక్కకు గిద్దలూరు, దిగువమెట్ట పక్కకు మార్కాపురం రోడ్డు చేరి, రైలు మార్గం మాయమై, పేర్ల జాబితా ఒక్కటే మిగులుతుంది. క్రమానికి అర్థం ఉన్న పట్టికలో మొదటి కాలమ్‌గా వరుస సంఖ్యను పెట్టడం అందుకే. పంతుళ్ళూ గుమాస్తాలూ అలవాటుగా వేసే ఆ 'వ.సం.' కాలమ్ చెదిరిన పట్టికను తిరిగి యథాస్థానానికి తెచ్చే తాడు. అదే కాలమ్ అక్షరాలుగా నమోదైతే మరొక వింత జరుగుతుంది: అక్షరాలను ఎడమ నుంచి ఒక్కొక్కటిగా పోల్చే పద్ధతిలో 100 ముందుకు, 20 దాని తర్వాతికి, 9 అన్నింటికన్నా చివరికి పోతాయి, నిఘంటువులో చిన్న మాట వెనకా పెద్ద మాట ముందూ రావచ్చు గదా, అలాగన్నమాట.

> చిన్న తెర, చూడని కన్ను
>
> వంద వరుసలు, అయిదు కాలమ్‌లు ఉన్న తెలుగు పట్టిక ట్యాగులతో సహా సుమారు ఇరవై వేల బైట్లకు మించదు. అదే జాబితా ఫొటో ఇరవై ముప్పై లక్షల బైట్లు ఉండవచ్చు. సిగ్నలు ఒంటి గీతకు పడిపోయే నల్లమల అంచు ఊళ్ళలో మొదటిది వెంటనే తెరుచుకుంటుంది, రెండవది తిరుగుతూ ఉండిపోతుంది.
>
> చూపు లేనివారు స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేరుతో పేజీని వింటారు. శీర్షిక గడులను శీర్షికలుగా ప్రకటించిన పట్టికలో ఆ గొంతు ఉత్త 1.8 అనదు, ఆ అంకె ఏ కాలమ్‌కు చెందిందో కూడా కలిపి ఫ్లోరైడు 1.8 అని చెబుతుంది. దాదాపు అన్ని పరికరాల్లోనూ 'మొదటి వరుస శీర్షిక' అన్న చిన్న మీట ఉంటుంది, దానిని నొక్కకుండా అక్షరాలను లావు చేసి వదిలేస్తే కంటికి తేడా తెలియదు గానీ చెవికి పట్టిక అందదు. ఫొటో పెడితే ఆ గొంతుకు చదవడానికి ఏమీ ఉండదు.

బయటికి పోకూడనివి

పట్టికను పెట్టడం ఇంత తేలికైన కాలంలో, పెట్టకూడని దానిని పెట్టడం కూడా అంతే తేలికైంది. లబ్ధిదారుల జాబితాను ప్రకటించేటప్పుడు ఆధార్ సంఖ్యల కాలమ్‌ను కనిపించకుండా దాచితే చాలుననుకోవడం సామాన్యంగా జరిగే పొరపాటు. దాచిన కాలమ్ తెర మీద కనిపించదు గానీ, ఆ ఫైలును దింపుకున్న ఎవరైనా రెండు నొక్కులతో దానిని తిరిగి తెరవగలరు. కిటికీ మార్గంలో షీటు ఒక్కటే ప్రచురించాలనుకొని షీట్లన్నీ ఉన్న ఫైలు మొత్తాన్ని ప్రచురిస్తే, పక్క షీట్లలోని బ్యాంకు ఖాతాలు కూడా బయట పడతాయి. ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రకటించడాన్ని 2016 నాటి ఆధార్ చట్టమే నిషేధించింది. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఇతర వ్యక్తిగత వివరాలకు కూడా బాధ్యతను నిర్దేశించింది. ప్రచురణ కోసం ప్రత్యేకంగా ఒక కొత్త షీటు తెరిచి, బయటికి పోవలసిన కాలమ్‌లను మాత్రమే అందులోకి ఎక్కించడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. పారదర్శకత పేరిట పేదవాడి ఖాతా నంబరును వీధిలో పెట్టడం ఏ చట్టం కోరినదీ కాదు.

జిల్లా మారిన ఊరు

పట్టిక ఒకరోజు కోసం కాక ఏళ్ళ కోసం అనుకున్నప్పుడు, మారనివనుకున్న గడులు కూడా మారతాయి. గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఆనాడు ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1961 జనగణనలో కర్నూలు జిల్లా కింద ఉన్న ఒక రాచర్ల ప్రాంతపు ఊరు 1981లో ప్రకాశం జిల్లా కింద, 1991లో మండలం పేరుతో సహా కనిపిస్తుంది. జిల్లా, తాలూకా, ఊరు అన్న పేర్లనే ఆధారంగా పెట్టుకొని ఈ మూడు పట్టికలను ఒక్కటిగా కలపమంటే యంత్రం వాటిని మూడు ఊళ్ళుగా లెక్కిస్తుంది, ఒక ఊరి ముప్పై ఏళ్ళ జనాభా పెరుగుదల మూడు ముక్కలై విడిపోతుంది.

దీనికోసమే జనగణన ప్రతి గ్రామానికీ ఒక సంఖ్యను ఇస్తుంది, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ మరొక సంఖ్యను ఇస్తుంది. ఊరి పేరు పక్కన ఆ కోడును ఒక కాలమ్‌గా చేర్చితే, ఎల్లలు ఎన్నిసార్లు మారినా ఒక పట్టికలోని వరుసను మరొక పట్టికలోని వరుసతో ముడివేయడానికి ఆధారం దొరుకుతుంది. జిల్లా కాలమ్‌ను తీసేయనక్కర లేదు, అయితే దాని శీర్షికలో అది ఏ సంవత్సరపు జిల్లానో రాయాలి. పట్టిక అడుగున వివరాలు ఎక్కడి నుంచి తీసుకున్నవో, చివరిసారి ఎప్పుడు దిద్దినవో ఒక పంక్తి ఉండాలి. అడంగల్‌లో పట్టాదారు కాలమ్, అనుభవదారు కాలమ్ వేర్వేరుగా ఉంచి, ఏ ఫసలీలో, అంటే ఏ రెవెన్యూ సంవత్సరంలో, ఎవరు ఏ పంట వేశారో ఏడాదికేడాదీ విడిగా రాసిన కరణాలు ఇలాంటి జాగ్రత్తలను కలంతోనే తీసుకున్నారు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. వారు వేసిన ఆ కాలమ్‌లు మాత్రం 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైటులో, అవే శీర్షికలతో, రైతు ఫోనులో తెరుచుకుంటున్నాయి.